డీప్ ఫ్రీజర్‌కు ఒక జమాఖర్చు పుస్తకం

పైకి మూత తెరుచుకునే పెట్టె రకం డీప్ ఫ్రీజర్‌కు ఉన్న మేలూ, దానితో వచ్చే చిక్కూ రెండూ దాని లోతులోనే ఉన్నాయి. చల్లగాలి బరువుగా ఉంటుంది కనుక మూత ఎత్తినా అది చాలావరకు పెట్టె అడుగునే నిలిచి ఉంటుంది. నిలువు ఫ్రిజ్ తలుపు తీయగానే పాదాల మీదికి జారి వచ్చేసినట్లు బయటికి పోదు. మే నెలలో గుంటూరులో నలభై డిగ్రీలు దాటిన రోజున కూడా లోపలి సరుకు గట్టిగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. అయితే అదే లోతు వల్ల పై రెండు వరుసలు తప్ప కింద ఏముందో కంటికి ఆనదు. అడుగున ఉన్నదేమిటో తెలియాలంటే పైనున్నవన్నీ తీయాలి, అన్నీ తీసేంతసేపు మూత తెరిచే ఉంచాలి, అది ఇష్టంలేక మనం చేతికందిన పొట్లంతోనే సరిపెట్టుకుంటాము. ఆ విధంగా పైవి తిరుగుతూ ఉంటాయి, కిందివి ఏళ్ల తరబడి కిందే ఉండిపోతాయి.

బ్రాడీపేటలోని మా ఇంటికి రెండు వాటాలు. కింద మేము, పైన మా మరిదిగారి కుటుంబం ఉంటాము. మెట్ల కింద ఉన్న 300 లీటర్ల డీప్ ఫ్రీజర్ రెండు వంటిళ్లకూ ఉమ్మడి. కొన్న మొదటి రెండేళ్లు దానికి లెక్కంటూ లేదు. ఒక సంక్రాంతి ముందు శుభ్రం చేద్దామని అడుగుదాకా ఖాళీ చేసినప్పుడు ఒలిచిన రొయ్యలు రెండు కిలోల దాకా బయటపడ్డాయి. అంతకు ముందు రోజే నిజాంపట్నం నుంచి వచ్చిన రొయ్యలను కిలో కొని, ఒలిపించి తెచ్చుకున్నాము. పాత పొట్లాల మీద అంటించిన చీటీ ఉంది గానీ, బాల్‌పెన్ సిరా తడికి కారిపోయి నీలి మరకగా మిగిలింది. రొయ్యలు అంచుల వెంట తెల్లబడి, వేలితో నొక్కితే బెండులా ఉన్నాయి. చెడు వాసన ఏమీ లేదు. కానీ వాటిలోని తేమంతా ఎగిరిపోయింది. కవరులో గాలి మిగిలిపోయినప్పుడు, పొట్లం నెలల తరబడి కదలకుండా ఉన్నప్పుడు, లోపలి మంచు కరగకుండానే ఆవిరై పైపొర ఎండిపోతుంది. వాటిని వండి చూశాము, తినలేకపోయాము. ఆ రోజు పారవేసిన సరుకు ఖరీదు కంటే, ఒలిచిన చేతుల శ్రమ నన్ను ఎక్కువ బాధించింది. ఆ తరువాత మేము కుదుర్చుకుని, ఇప్పటికీ తప్పకుండా నడుపుతున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఫ్రీజర్‌ను ఒక్కసారి పూర్తిగా ఖాళీ చేయవలసి ఉంటుంది. ఉన్నదాని మీదనే లెక్క మొదలుపెడదామనుకుంటే ఆ లెక్క మొదటి రోజే తప్పు అవుతుంది. ఈ పనికి డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము అనువైనది. రోహిణి కార్తెలో మాత్రం తలపెట్టవద్దు. నేల మీద పాత బొంత పరిచి, తీసిన పొట్లాలను దాని మీద దగ్గర దగ్గరగా పేర్చి, పైన మరొక దుప్పటి కప్పాలి. చేపలు, రొయ్యలు, మాంసం థర్మాకోల్ పెట్టెలో ఉంచితే ఇంకా మంచిది. ఇద్దరు ఉంటే ఒకరు తీస్తూ పేరు చెబుతారు, మరొకరు కాగితం మీద రాస్తారు, అరగంటలో పని పూర్తవుతుంది. గోడలకు అర సెంటీమీటరుకు మించి మంచు పట్టి ఉంటే ఆ రోజే స్విచ్ ఆపి, మూత తెరిచి, వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి కరిగించుకోవచ్చు. అయితే మంచు పూర్తిగా కరగడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక సరుకు పెట్టుకోవడానికి చోటు ముందే చూసుకోవాలి. మంచును చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవకూడదు. గోడ వెనకాలే గ్యాస్ గొట్టాలు ఉంటాయి, ఒక్క గాటు పడితే ఫ్రీజర్ పనికిరాకుండా పోతుంది.

ఖాళీ చేసినప్పుడు ఏమిటో తేలని పొట్లాలు కొన్ని మిగులుతాయి. వాటిని ‘తరువాత చూద్దాం’ అని తిరిగి లోపల పెట్టవద్దు. మా ఇంట్లో ఒక ఆదివారం చింతచిగురు రొయ్యలు వండాలని పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతుండగా, ముందు రాత్రి తీసి పెట్టిన ముదురాకుపచ్చ ముద్దను మా తోడికోడలు నీళ్ల గిన్నెలోంచి తీసి విడదీసింది. ఆకు చిట్లి, మెత్తబడి ఉంది. కాస్త నోట్లో వేసుకుని, “అక్కా, ఇది పులుపే లేదు, మునగాకు” అంది. గడ్డకట్టిన తరువాత చింతచిగురు, మునగాకు, గోంగూర, మెంతికూర ఒకే ముద్దగా కనిపిస్తాయి. కైమా, పండుమిర్చి ముద్ద కూడా కవరు పైనుంచి చూస్తే ఒకదానికొకటి పోలినట్లే ఉంటాయి. ఇంట్లో వాళ్లకు తెలియకుండా ఉండదన్న నమ్మకం మీద చీటీ మానేయవద్దని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

పొట్లం కట్టడం దగ్గరే లెక్క సగం కుదురుతుంది. ఒక కిలో రొయ్యలు ఒకే ముద్దగా పెడితే, పావు కిలో కావలసిన రోజున మొత్తం కరిగించాలి, మిగిలింది తిరిగి పెట్టాలి. ఒకసారి కరిగినది తిరిగి గడ్డకట్టించకూడదన్నది మేము పెట్టుకున్న నియమం. అందువల్ల ఒక పూట కూరకు సరిపడేంత మాత్రమే ఒక పొట్లంలో పెట్టాలి. మాకు రొయ్యలు పావు కిలో, మటన్ అర కిలో, చేప ముక్కలు ఆరు, పచ్చి బఠాణీలు పావు కిలో, కొబ్బరి తురుము ఒక చిప్పది. ఇంటింటికీ ఈ కొలత మారవచ్చు, కానీ ఒక ఇంట్లో ఒక వస్తువుకు ఒకటే కొలత ఉండడం ముఖ్యం. పొట్లాలన్నీ ఒకే కొలతవైతే లెక్క పెట్టడానికి తూకం అవసరం ఉండదు. ‘రొయ్యలు ఐదు’ అంటే కిలోం పావు అని ఇద్దరికీ తెలుస్తుంది.

జిప్ కవరులో సరుకు వేశాక గాలి పూర్తిగా పోయేలా అరచేత్తో నొక్కి, పలుచగా పరిచి, పళ్లెం మీద పడుకోబెట్టి గడ్డకట్టించాలి. పలుచని పొట్లం త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది, గట్టిపడ్డాక బీరువాలో ఫైళ్లు నిలబెట్టినట్లు నిలబెట్టవచ్చు. నిలబెట్టిన పొట్లాల అంచులు పైనుంచి కనిపిస్తాయి కనుక ఒక దాని కింద ఒకటి దాగడం ఉండదు. నా అనుభవంలో గుండ్రటి డబ్బాలు, ముడివేసిన పాలిథిన్ సంచులు ఈ పెట్టెకు సరిపడవు. డబ్బాల మధ్య చోటు వృథా అవుతుంది, ముడివేసిన సంచి ఎటు పడితే అటు దొర్లి అడుగుకు చేరుతుంది. ఒలిచిన రొయ్యలు ఎక్కువ రోజులు ఉంచదలిస్తే అవి మునిగేంత నీళ్లు పోసి గడ్డకట్టించడం మేలు. అప్పుడు చీటీ మీద నీళ్లు పోయకముందు తూకమే రాయాలి.

చీటీ విషయంలో అందరూ చేసే పొరపాటు, పొట్లం కట్టి, తుడిచి, చల్లబడ్డాక అంటించడం. తడి మీదా, మంచు మీదా ఏ టేపూ సరిగా అంటుకోదు. ఖాళీ కవరు పొడిగా ఉన్నప్పుడే, సరుకు వేయకముందే, మాస్కింగ్ టేపు అంటించి దాని మీద చెరగని మార్కర్‌తో రాయాలి. విజయవాడ బెసెంట్ రోడ్డులోనైనా, మన బ్రాడీపేటలోనైనా ఏ స్టేషనరీ దుకాణంలో అడిగినా ఈ రెండూ దొరుకుతాయి. చీటీని పొట్లం మధ్యలో కాకుండా పై అంచుకు దగ్గరగా అంటిస్తే, నిలబెట్టినప్పుడు తీయకుండానే చదవవచ్చు. వస్తువు పేరు, కొలత, ఫ్రీజర్‌లో పెట్టిన తేదీ ఉంటే చాలు. పేరు మాత్రం విడమరచి రాయాలి. ‘చేప’ అని రాస్తే కొరమీనో బొచ్చెయో తెలియదు, వాటిని వండే తీరు వేరు, నిలవుండే కాలం వేరు. ‘కూర’ అని రాయడం, రాయకపోవడం ఒక్కటే. తేదీలో సంవత్సరం తప్పకుండా ఉండాలి. ‘జనవరి 12’ అని మాత్రమే రాసి ఉన్న పొట్లం రెండో ఏడు చేతికి వచ్చినప్పుడు అది ఏ జనవరిదో ఎవరూ చెప్పలేరు.

పెట్టెలో సర్దడానికి గట్టి పిడులున్న గుడ్డ సంచులు, లేదా కూరగాయలకు వాడే నైలాన్ సంచులు నాలుగు రంగులవి కొనుక్కోవాలి. మా ఫ్రీజర్‌లో ఎరుపు సంచి కోడి, మటన్‌కు. నీలం సంచి చేపలు, రొయ్యలకు. ఆకుపచ్చ సంచి బఠాణీలు, కందిగింజలు, చిక్కుడు గింజలు, ఆకులకు. పసుపు సంచి మామిడి గుజ్జు, కొబ్బరి, కోవాలకు. నిలబెట్టిన పొట్లాలు సంచిలో వరుసగా ఉంటాయి, కావలసినప్పుడు పిడి పట్టుకుని సంచి మొత్తం పైకి ఎత్తవచ్చు. అడుగు దాకా చేయి పెట్టి తడుముకునే అవసరం ఇలా తప్పుతుంది. పచ్చి మాంసం, చేపల సంచులు అడుగున, మిగిలినవి పైన ఉండాలి. కరెంటు పోయి కాస్త కరిగినా వాటి నీరు మిగతా వస్తువుల మీదికి కారకుండా ఉంటుంది. ఫ్రీజర్‌తో పాటు వచ్చే తీగ బుట్టలో మాత్రం రంగుతో సంబంధం లేకుండా, ఈ నెలలో ముందుగా వాడవలసిన పొట్లాలను ఉంచుతాము. ఏం వండాలని ఆలోచించేటప్పుడు మొదట చూడవలసింది ఆ బుట్టనే.

ఇక పుస్తకం సంగతి. మా పుట్టింట్లో మిర్చి పండించేవారు. ధర లేని ఏడు నాన్నగారు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చేవారు. ఎన్ని టిక్కీలు, ఏ తేదీన పెట్టారన్నది కాగితం మీద ఉండేది. పది టిక్కీలు బయటికి తీసి అమ్మితే ఆ పది ఆ కాగితం మీద తగ్గేవి. ఇంకా ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఎవరూ ఆ చలిలోకి వెళ్లి బస్తాలు లెక్కపెట్టేవారు కాదు. ఇంటి ఫ్రీజర్‌కూ కావలసింది సరిగ్గా అదే. లోపలి సరుకు లెక్క బయట ఉండాలి, ఆ లెక్కను చూసి మూత తెరవాలి. పెట్టేటప్పుడు రాయడం అందరూ ఉత్సాహంగా చేస్తారు. తీసేటప్పుడు చేయి తడిగా ఉంటుంది, పొయ్యి మీద ఏదో మాడుతూ ఉంటుంది, తరువాత రాద్దామనుకుంటారు. జమ రాసి ఖర్చు రాయని పుస్తకం నెల తిరిగేసరికి అబద్ధాలు చెబుతుంది, అబద్ధం చెప్పిన పుస్తకాన్ని ఎవరూ తిరిగి తెరవరు. ఫ్రీజర్ లెక్కలు మూలపడిన ఇళ్లలో నేను చూసిన కారణం ఇదొక్కటే.

కాబట్టి తీసినప్పుడు చేయవలసిన పని ఒక్క గీతకు మించకూడదు. మేము రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒకటి తీసుకుని, సంచికి ఒక పేజీ చొప్పున కేటాయించుకున్నాము. ఒక్కొక్క వస్తువు పెట్టినప్పుడు ఒక వరుస రాసి, ఎన్ని పొట్లాలు పెడితే అన్ని నిలువు గీతలు గీస్తాము. నీలం సంచి పేజీలో ఒక వరుస ఇలా ఉంటుంది:

రొయ్యలు, ఒలిచినవి – పావు కిలో – 12-1-2025 – | | | | | | | |

ఒక పొట్లం తీస్తే ఎడమవైపు నుంచి ఒక గీతను అడ్డంగా కొట్టివేయాలి. అంకెలు దిద్దడం, కూడికలు, తీసివేతలు ఏవీ ఉండవు. కొట్టివేయని గీతలు ఎన్ని ఉంటే లోపల అన్ని పొట్లాలు. అన్ని గీతలూ కొట్టివేశాక వరుస మొత్తం మీద ఒక అడ్డగీత గీస్తే ఆ సరుకు అయిపోయినట్లు. ఒకే వస్తువు మరొకసారి కొన్నప్పుడు పాత వరుసలో గీతలు కలపకూడదు, కొత్త తేదీతో కొత్త వరుస రాయాలి. పాత వరుస పైన ఉంటుంది కనుక ముందు తీయవలసింది ఏదో పుస్తకమే చెబుతుంది.

పుస్తకం ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ పద్ధతి నిలిచేదీ పడిపోయేదీ అక్కడే. వంటింటి అలమరలో ఉంచిన పుస్తకంలో మేము మూడు వారాల కంటే ఎక్కువ రాయలేకపోయాము. ఇప్పుడు అది ఫ్రీజర్ పక్క గోడకు, మూత ఎత్తిన చేతికి అందేంత ఎత్తులో, మేకుకు వేలాడుతూ ఉంటుంది. దానికి పురికొసతో పెన్సిల్ కట్టి ఉంటుంది. పెన్ను కాదు, పెన్సిలే. చేతి తడి తగిలిన కాగితం మీద పెన్సిల్ గీత పడుతుంది, పెన్ను గీత పాకుతుంది. పైగా పెన్ను మొరాయించినప్పుడు వెతుక్కుంటూ వెళ్లినవారు తిరిగి వచ్చి రాయరు. మూత వేయకముందే గీత కొట్టివేయాలన్నది మా నియమం. రెండు కుటుంబాలు వాడే చోట మరొక్క ఏర్పాటు అవసరం: మా వస్తువులకు వరుస మొదట్లో ‘కిం’ అనీ, పై వాటా వాళ్లవాటికి ‘పై’ అనీ రాస్తాము. ఒకరి పొట్లం మరొకరు తీసుకోవలసి వస్తే తీసుకుంటారు, గీత కొట్టి పక్కన తమ గుర్తు వేస్తారు. దీనివల్ల అడగడానికి మొహమాటం, అడగలేదన్న నొప్పి రెండూ లేకుండా పోయాయి.

ఇదంతా ఫోనులో చేయవచ్చు కదా అని మా పిల్లలు అడిగారు, కొన్నాళ్లు చేసి చూశాము కూడా. తడి చేత్తో ఫోను తెరవడం కుదరదు, పనిమనిషి పొట్లం తీసి ఇచ్చిన రోజు ఎవరి ఫోనులోనూ ఎక్కదు. ఫోనును ఒక్క పనికి మాత్రం వాడుతున్నాము: కొల్లి శారద మార్కెట్‌కో చేపల బజారుకో వెళ్లేవారు బయలుదేరే ముందు ఆ నాలుగు పేజీలనూ ఫొటో తీసుకుని వెళతారు. చవకగా కనిపించిన బఠాణీలను చూసి ఐదు కిలోలు కొనాలా వద్దా అన్నది అక్కడ నిలబడే తేల్చుకోవచ్చు.

తేదీలు రాసుకున్నాక వాటిని ఏ కొలతతో చూడాలో తెలిసి ఉండాలి. ఫ్రీజర్ లోపల మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నంతకాలం సూక్ష్మజీవులు పెరగవు. కాలం గడిచేకొద్దీ పోయేది రుచి, మెత్తదనం. కొవ్వు ఎక్కువగా ఉండే చేపలు రెండు మూడు నెలల్లో వాడేయాలి, కొవ్వు తక్కువ చేపలు ఆరు నెలల దాకా బాగుంటాయి. రొయ్యలను మేము మూడు నెలలు దాటనివ్వము. కైమా మూడు నాలుగు నెలలు, కోడి ముక్కలు తొమ్మిది నెలలు, వండిన కూరలు రెండు మూడు నెలలు ఉంటాయి. పచ్చి బఠాణీలను మరిగే నీటిలో ఒకటిన్నర నిమిషం ఉంచి, వెంటనే చల్లని నీటిలో వేసి, ఆరబెట్టి పెడితే ఎనిమిది నెలలకు పైగా రంగు, తీపి నిలుస్తాయి. ఆ వేడి వల్ల గింజలోని ఎంజైములు పనిచేయడం మానేస్తాయి. ఉడకబెట్టకుండా పెట్టినవి గట్టిబడి, గడ్డి రుచికి వస్తాయి. ఈ గడువులను నోటుపుస్తకం అట్ట లోపలివైపు రాసి ఉంచాము. ఒక థర్మామీటరు కొని లోపల ఉంచడం కూడా మంచిది. మన దగ్గర అమ్మే చాలా డీప్ ఫ్రీజర్లలో ఫ్రీజర్‌గానూ కూలర్‌గానూ మార్చుకునే స్విచ్ ఉంటుంది. తుడిచేటప్పుడు చేయి తగిలి అది మారిపోతే గంటల కొద్దీ ఎవరికీ తెలియదు.

కరెంటు పోయినప్పుడు ఈ పుస్తకం విలువ మరింత తెలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తెరవకుండా ఉంటే సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని కాపాడుతుందని సాధారణంగా చెబుతారు. మన వేసవిలో అంతకంటే తక్కువే అని లెక్కవేసుకోవడం క్షేమం. ఆ సమయంలో లోపల ఏముందో చూద్దామని మూత ఎత్తితే ఆ గంటలు తరిగిపోతాయి. పుస్తకం బయటే ఉంది కనుక ఎత్తవలసిన పని లేదు. ఏది ముందు తీసి వండుకోవాలో, ఏది బంధువుల ఇంటి ఫ్రీజర్‌కు పంపాలో కాగితం మీదే నిర్ణయించుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు అక్కడి మా బంధువులు ఫ్రీజర్‌లోని సరుకంతా వదులుకున్నారు. వరద నీరు తగిలిన ఆహారాన్ని ఉంచుకోకూడదు, అందులో ఆలోచించవలసిందేమీ లేదు. మామూలు కరెంటు కోత సంగతి వేరు. దానికోసం ఒక చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల ఉంచి, పై బుట్టలో పెట్టుకోవాలి. ఊరి నుంచి తిరిగి వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే దిగులు లేదు. గిన్నె అడుగున మంచులో కూరుకుని ఉంటే, మనం లేనప్పుడు అంతా కరిగి తిరిగి గడ్డకట్టిందని అర్థం, అప్పుడు మాంసం, చేపలు, రొయ్యలు పారవేయాలి. కరెంటు వచ్చేసరికి పొట్లంలో ఇంకా మంచు పలుకులు తగులుతుంటే మాత్రం తిరిగి గడ్డకట్టించుకోవచ్చు. ఇంతకుముందు చెప్పిన మా నియమానికి ఇదొక్కటే మినహాయింపు. అలాంటి పొట్లాల వరుస పక్కన ఒక చుక్క పెట్టి, వాటిని ముందుగా వాడేస్తాము.

ఎంత జాగ్రత్తగా రాసినా ఎప్పుడో ఒక గీత తప్పుతుంది. అందుకని నెల సరుకుల చీటీ రాసే రోజున ఒక్క సంచిని పైకి ఎత్తి, పొట్లాలను లెక్కపెట్టి, పేజీలోని గీతలతో సరిచూస్తాము. నాలుగు సంచులూ ఒకేసారి చూడబోతే అది పెద్ద పనిగా తోచి వాయిదా పడుతుంది. నెలకొకటి అయితే ఐదు నిమిషాలు, నాలుగు నెలలకు పెట్టె మొత్తం ఒక చుట్టు వస్తుంది. లెక్క తేడా వస్తే ఎవరు మరిచారని విచారించము, గీత దిద్ది ఊరుకుంటాము. గడువు దగ్గర పడిన పొట్లాలు ఆ రోజే సంచిలోంచి పై బుట్టలోకి మారతాయి. మా లెక్కలో మార్చి నెలది పసుపు సంచి వంతు. ఏప్రిల్ చివరికి నూజివీడు రసాలు మొదలవుతాయి కనుక, పాత గుజ్జు ఎంత మిగిలిందో, కొత్తదానికి ఎంత చోటుందో ఆ నెలలోనే చూసుకుని, మిగిలిన పొట్లాలను ఉగాదికి మామిడి తాండ్ర వేయడానికి బయటికి తీస్తాము.